గెడియో కొండల్లో నిలువురాళ్లు: విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లేవారికి

ఇథియోపియా దక్షిణాన, చీలిక లోయ (రిఫ్ట్ వ్యాలీ) తూర్పు అంచున నిటారుగా లేచిన కొండల మీద గెడియో అనే ప్రజలు నివసిస్తారు. కాఫీ వ్యాపారంలో ఎంతో పేరున్న యిర్గాచెఫే రకం వారి పెరళ్లలోనే పండుతుంది. ఆ పెరళ్ల మధ్య, గట్ల మీద, ఇళ్ల వెనుక గుంపులు గుంపులుగా ప్రాచీన నిలువురాళ్లు ఉన్నాయి. దక్షిణ ఇథియోపియాలోని ఈ ప్రాంతంలో దాదాపు 60 చోట్ల పది వేలకు పైగా రాళ్లు ఉంటాయని పరిశోధకుల అంచనా. ఆఫ్రికాలో మరెక్కడా ఇవి ఇంత దట్టంగా కనిపించవు. 2023లో యునెస్కో ఈ కొండలను, తోటలను, పవిత్ర వనాలను, రాళ్లను కలిపి గెడియో సాంస్కృతిక భూభాగం పేరుతో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రాళ్లను గెడియోలు నేటికీ గౌరవిస్తారు, వాటి బాగోగులు చూసేది ఊరి పెద్దలే. అందువల్ల ఇక్కడికి వచ్చేవారు తమ ప్రణాళికను ఆ పెద్దల వీలును బట్టి, తోట పనులను బట్టి వేసుకోవాలి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగిలిన ఏర్పాట్లన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

బయలుదేరే ముందు కంటికి కొంత అలవాటు కావాలి. శిల్పం అనగానే అమరావతి పాలరాతి పలకలు గుర్తుకు వచ్చే మనకు, బొమ్మ చెక్కని రాయి ముందు ఎంతసేపు నిలబడాలో, ఏం చూడాలో తోచదు. కృష్ణ ఎగువన, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నది ఒడ్డునే నిలువురాళ్ల క్షేత్రం ఉంది. 2025లో అది యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కింది. వీలైతే ముందు దాన్ని ఒకసారి చూసి రావడం మంచిది. మనకు ఇంకా దగ్గరగా, నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలలో బౌద్ధ కట్టడాలతోపాటు పెద్ద రాళ్లతో కట్టిన సమాధులు కూడా బయటపడ్డాయి. పల్నాటి పల్లెల్లో ఇలాంటి వాటిని రాక్షస గుళ్లు అంటారు. రాయి ఎటు వాలింది, అడుగున ఎంత భాగం మట్టిలో ఉంది, పక్క రాయికి దూరమెంత, ఉలి దెబ్బ ఉందా లేదా అని ఇక్కడే చూడటం నేర్చుకుంటే అక్కడ కాలం వృథా కాదు.

ఎప్పుడు వెళ్లాలి

రాజధాని అడిస్ అబాబా పరిసరాలలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు గట్టి వానలు. గెడియో కొండల్లో ఏటా రెండు వానకాలాలు ఉంటాయి: మార్చి నుంచి మే వరకు ఒకటి, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో మరొకటి. ప్రధాన రహదారి దిగిన తరువాత రాళ్ల దగ్గరకు వెళ్లేవన్నీ ఎర్రమట్టి దారులే కనుక, వానలో జీపు కూడా జారుతుంది, కాలినడక మరీ కష్టమవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొడి కాలం. కాఫీ కోతలు అక్టోబరు చివర మొదలై జనవరి దాకా నడుస్తాయి. ఈ రెండూ కలిసే డిసెంబరు నెల అన్ని విధాలా అనువైనది. చెట్ల మీద ఎర్రటి పండ్లు, ఎత్తయిన బల్లల మీద ఆరబోసిన గింజలు, వాటిని గంటకొకసారి చేతులతో తిరగేసే మనుషులు, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

శాకాహారులకు డిసెంబరు వెళ్లమనడానికి మరో కారణం ఉంది. ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు జనవరి 7న క్రిస్మస్ జరుపుకుంటారు. దానికి ముందు నవంబరు 25 నుంచి ఉపవాస దీక్ష పాటిస్తారు. దీక్షలో మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. అంటే మన ధనుర్మాసం మొదటి మూడు వారాలలో అక్కడి పట్టణాల హోటళ్లలో పప్పు, శనగపిండి కూర, ఆకుకూరలతో కూడిన భోజనం రోజూ దొరుకుతుంది. సంక్రాంతి సెలవులకు వెళ్లేవారికి ఈ సౌకర్యం బుధ, శుక్రవారాలకే పరిమితమవుతుంది, ఎందుకంటే దీక్ష ముగిశాక మామూలు వారాల్లో ఆ రెండు రోజులే ఉపవాసం. జనవరి 19న క్రీస్తు జ్ఞానస్నానాన్ని గుర్తుచేసుకునే తిమ్‌కెత్ పండుగ వస్తుంది. ఆ వారం గదులు దొరకడం కష్టం, ధరలు కూడా పెరుగుతాయి. చూడటానికి అది మంచి పండుగే, కాని రాళ్ల కోసం వెళ్లేవారు దానికి ముందో వెనుకో వెళ్లడం మేలు.

కాగితాలు, టీకా, డబ్బు

పర్యాటక వీసాను ఇథియోపియా ప్రభుత్వపు ఈ-వీసా పద్ధతిలో ఇంటి నుంచే తీసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది పసుపు జ్వరం టీకా. ఇథియోపియా పసుపు జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది కనుక, తిరిగి వచ్చేటప్పుడు టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం అక్కడి ఆరోగ్య అధికారులకు ఉంది. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఆపైన జీవితకాలం పనికివస్తుంది. ప్రతి ఆసుపత్రిలోనూ ఈ టీకా వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటిది. రోజూ వేయరు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, కాబట్టి టికెట్టు కొన్న వారమే ఈ పని పెట్టుకోండి. ప్రయాణానికి వారం ముందు గుర్తుకు వస్తే ఇక చేయగలిగింది లేదు.

విమానం విషయానికి వస్తే, ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ ఢిల్లీ, ముంబైల నుంచి చాలాకాలంగా నడుపుతోంది. 2025 జూన్‌లో హైదరాబాద్ నుంచి కూడా మొదలుపెట్టింది. అయితే హైదరాబాద్ నుంచి రోజూ లేదు కనుక, ముందు విమానం రోజు చూసుకుని ఆ తరువాతే శంషాబాద్‌కు రాత్రి బస్సో రైలో ఎంచుకోవాలి. జాతీయ రహదారి మీద పొగమంచు దట్టంగా ఉండే డిసెంబరు తెల్లవారుజాములను లెక్కలో పెట్టుకోండి.

ఇథియోపియా కరెన్సీ బిర్. మన దగ్గర అది దొరకదు కాబట్టి అమెరికా డాలర్లు తీసుకువెళ్లి అడిస్‌లోని బ్యాంకులో మార్చుకోవాలి. 2024 జూలైలో ఆ దేశం మారకపు రేటును విపణికి వదిలేసింది. అంతకు ముందు రాసిన ప్రయాణ వివరాల్లోని ఖర్చుల లెక్కలు ఇప్పుడు దేనికీ పనికిరావు. గెడియో ముఖ్య పట్టణం డిల్లా దాటిన తరువాత అంతా నగదే. చిన్న నోట్లు విడిగా కట్టగట్టి పెట్టుకుంటే ప్రవేశ రుసుము, గైడు, కాపలాదారు, దారిలో కాఫీ, అన్నింటికీ చిల్లర గొడవ ఉండదు. డ్రోను మాత్రం ఇంట్లోనే వదిలి రండి. ముందస్తు అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

గడియారం గురించి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని సగం ఇబ్బందులు ఇక్కడే వస్తాయి. ఇథియోపియాలో పగటి గంటలను సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఉదయం 7 గంటలు వారికి ఒంటి గంట. డ్రైవరు “పొద్దున మూడింటికి వస్తాను” అంటే తొమ్మిదింటికి వస్తాడని అర్థం. విమానాలకు, పెద్ద హోటళ్లకు మన లెక్కే వర్తిస్తుంది; బస్సులకు, పల్లెల్లో పెద్దలతో కుదుర్చుకునే సమయాలకు వారి లెక్క. పంచాంగం కూడా వేరు: పదమూడు నెలలు, సెప్టెంబరు 11 ప్రాంతంలో కొత్త సంవత్సరం, సంవత్సరాల అంకె మన దానికన్నా ఏడో ఎనిమిదో తక్కువ. సమయం చెప్పిన ప్రతిసారీ సూర్యుడు ఎక్కడ ఉంటాడో చేతితో చూపించి నిర్ధారించుకోండి. అక్కడివారు దీనికి నవ్వరు, వారికీ విదేశీయులతో ఇదే పాట్లు.

దారి, ముందుగా టియా

అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంది. అరకు లోయ ఎత్తుకు రెండింతల కన్నా ఎక్కువ. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన ఒంటికి మొదటి రోజు మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది, రాత్రి నిద్ర సరిగా పట్టదు. ఆ రోజు నగరంలోనే గడిపి, జాతీయ మ్యూజియం చూసి, నీళ్లు బాగా తాగి పడుకోవడం ఉత్తమం. బెజవాడలో బీరువా అడుగున పడి ఉండే స్వెట్టరు ఇక్కడ సాయంత్రం ఆరింటికే బయటకు తీయాల్సి వస్తుంది, మధ్యాహ్నం ఎండకు మాత్రం టోపీ తప్పదు.

దక్షిణానికి వెళ్లేటప్పుడు నేరుగా హవాస్సా నగరానికి పోయే రహదారి పట్టకుండా బుతాజిరా రోడ్డు మీదుగా వెళ్తే దారిలో టియా అనే నిలువురాళ్ల క్షేత్రం వస్తుంది. ఇది 1980లోనే ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన చోటు. సోద్దో ప్రాంతంలో ఇటువంటివి 160 వరకు గుర్తించగా, వాటిలో ముఖ్యమైనది ఇదే. ఇక్కడ 36 రాళ్లున్నాయి, 32 రాళ్ల మీద చెక్కుళ్లు ఉన్నాయి. వాటిలో సులువుగా గుర్తుపట్టగలిగేది కత్తి. వాటిని వరుసగా చెక్కారు. మిగతా గుర్తుల అర్థం ఇదీ అని తేలలేదు. కింద సమాధులున్నాయి. ఒక్కో కత్తి ఒక్కో శత్రువును చంపినదానికి గుర్తు అని గైడు చెబుతాడు. వినండి, కాని అది ఊహ అని గుర్తుంచుకోండి. కారెంపూడి వీరుల గుడిలో పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ జరగడం చూసిన గుంటూరువారికి, చనిపోయిన వీరుడి స్థానంలో ఆయుధం నిలబడటం వింతగా అనిపించదు. ఆ పోలికను మనసులో ఉంచుకుంటే తప్పు లేదు, రెండింటికీ సంబంధం ఉందని మాత్రం అనుకోకూడదు.

టియా కంచె వేసిన చిన్న ఆవరణ. టికెట్టు, కాపలా, గైడు అన్నీ ఉంటాయి, గంటన్నరలో చూడటం పూర్తవుతుంది. దారిలోనే ఉన్న మెల్కా కుంతూరె ఆదిమానవుల రాతి పనిముట్లకు పేరుపొందిన చోటు, 2024లో అదీ వారసత్వ జాబితాలో చేరింది. సమయం ఉంటేనే ఆగండి. చేతిలో రెండు రోజులే ఉన్నవారు టియా చూసి వెనక్కు రావడమే వివేకం. గెడియోకు కనీసం ఐదు రోజులు లేనిదే బయలుదేరవద్దని నా సలహా, ఎందుకంటే ప్రయాణమే రానూ పోనూ రెండు రోజులు మింగేస్తుంది.

అడిస్ నుంచి హవాస్సా సుమారు 275 కిలోమీటర్లు. విమానం కూడా ఉంది. హవాస్సా నుంచి డిల్లాకు మరో 90 కిలోమీటర్లు, అక్కడి నుంచి అదే రహదారి మీద ఇంకా దక్షిణాన యిర్గాచెఫే ఊరు. కారును డ్రైవరుతో సహా అడిస్‌లోనే మాట్లాడుకోవడం మంచిది. పగటిపూట మాత్రమే ప్రయాణించండి. దేశంలో కొన్ని ప్రాంతాల పరిస్థితి మారుతూ ఉంటుంది కనుక, బయలుదేరే వారంలోనే అడిస్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలు చూసుకోవాలి, రోడ్డు పరిస్థితిని హోటలువారినీ డ్రైవరునూ విడివిడిగా అడగాలి. 2018లో గెడియో, పొరుగున ఉండే గుజీ ప్రజల మధ్య జరిగిన ఘర్షణల్లో లక్షల మంది ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి దాని గురించి కుతూహలంతో ప్రశ్నలు వేయవద్దు.

రాళ్ల దగ్గర

డిల్లా చేరిన రోజే గెడియో జోన్ (మన జిల్లా వంటిది) సంస్కృతి, పర్యాటక కార్యాలయానికి వెళ్లి ఏ క్షేత్రాలు చూడదలచారో చెప్పి, స్థానిక గైడును వెంట తీసుకోండి. అమ్హారిక్‌తోపాటు గెడియో భాష వచ్చిన మనిషి కావాలని గట్టిగా అడగండి. అడిస్ నుంచి తెచ్చుకున్న గైడుకు చరిత్ర తెలిసి ఉండవచ్చు, కాని ఊరి పెద్దతో నేరుగా మాట్లాడగలిగేవాడు పక్కన లేకపోతే మీరు దూరం నుంచి ఫొటో తీసుకుని తిరిగి రావలసి వస్తుంది.

రోజుకు ఒక్క క్షేత్రం చాలు. తూతో ఫెలా, చెల్బా తూతీతీ అనే రెండూ చూడగలిగితే గెడియో రాళ్లలోని రెండు ప్రధాన రకాలు అర్థమవుతాయి. చెల్బా తూతీతీలో ఉన్నవి పొడవాటి స్తంభాల్లాంటి రాళ్లు. చాలావాటిని పురుషాంగ రూపంలో మలిచారు: గుండ్రని కాండం, పైభాగాన చుట్టూ ఒక గాడి, ఆపైన నున్నగా గుండ్రం చేసిన కొన. కొన్ని మనిషికి మూడింతల ఎత్తు ఉంటాయి, చాలావరకు పడిపోయి గడ్డిలో అడ్డంగా ఉన్నాయి. పడిపోయినవాటిని వదిలేసి నిలబడినవాటి వైపే నడవడం అందరూ చేసే పని. నిజానికి పడిన రాయి దగ్గరే ఎక్కువ నేర్చుకోవచ్చు. మట్టిలో ఉండాల్సిన మొదలు భాగం బయటపడి ఉంటుంది, దాన్ని చెక్కకుండా గరుకుగా వదిలేశారని వేలితో తాకకుండానే తెలుస్తుంది. గరుకు ఎక్కడ ఆగి నునుపు ఎక్కడ మొదలవుతుందో ఆ గీతే ఒకప్పటి నేలమట్టం.

తూతో ఫెలా వేరే తరహా. రాళ్లు, మట్టి పేర్చిన పెద్ద దిబ్బ మీద పొట్టి రాళ్లు ఒకదానికొకటి ఆనుకున్నంత దట్టంగా నిలబడి ఉంటాయి. వీటిలో చాలావాటి మీద ముఖం, చేతులు, ఒంటి మీద గీతలు చెక్కి మనిషి రూపం ఇచ్చారు. దిబ్బ కింద సమాధులున్నాయి. ఫ్రాన్సు దేశపు పురాతత్వవేత్త రోజే జుసోమ్ ఇక్కడ జరిపిన పరిశీలనలో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది: మనిషి రూపపు రాళ్లలో కొన్ని అంతకు ముందు పురుషాంగ రూపంలో ఉన్నవే, తరువాతి తరాలవారు పాత రాయిని తెచ్చి, దాని మీదే ముఖం చెక్కి, సమాధి మీద నిలిపారు. ఇది తెలిసి చూసేవారికి ఒక్కో రాయి మీద రెండు కాలాలు కనిపిస్తాయి. గొంతు చుట్టూ గాడి మరీ లోతుగా, మిగతా చెక్కుడుకు పొంతన లేకుండా ఉంటే అక్కడ ఆగి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.

వయసు గురించి గైడు ఏ అంకె చెప్పినా నోటు పుస్తకంలో రాసుకోండి, కాని ఒక్క అంకెతో అన్ని రాళ్లనూ కట్టేయవద్దు. చాలాకాలం వీటిని సుమారు క్రీ.శ. 1100 నాటివని అనుకునేవారు. 2021లో వెలువడిన వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుల అధ్యయనం సకారో సోడో అనే క్షేత్రం క్రీ.శ. ఒకటో శతాబ్దానిదని తేల్చి, ఆ అంచనాను వెయ్యేళ్లు వెనక్కు జరిపింది. అదే అధ్యయనంలో అక్కడ దొరికిన నల్లని గాజురాయి పనిముట్లను పరీక్షిస్తే, ఆ రాయిలో అధికభాగం దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న ఉత్తర కెన్యా నుంచి వచ్చిందని తెలిసింది. అంటే ఈ కొండలవారికి అప్పటికే దూరదేశాలతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి. ధాన్యకటకం రేవులో రోము సరుకు దిగిన కాలం కూడా అదే.

వెలుగు విషయంలో జాగ్రత్త పడాలి. ఈ ప్రాంతం భూమధ్యరేఖకు ఆరేడు డిగ్రీల దూరంలోనే ఉంది కనుక పొద్దు త్వరగా నడినెత్తికి వస్తుంది, అప్పుడు లోతు తక్కువ ఉన్న చెక్కుళ్లు దాదాపు మాయమవుతాయి. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తరువాత ఏటవాలు ఎండలో చేతుల గీతలు, ముక్కు, కళ్ల గుంటలు స్పష్టంగా తేలుతాయి. మబ్బు పట్టిన రోజున చిన్న టార్చిని రాయికి పక్కగా పట్టుకుంటే అదే ఫలితం వస్తుంది. గీతలు కనబడాలని సుద్దముక్క రాయడం, నీళ్లు చల్లడం, నాచు గోకడం ఎంతమాత్రం చేయకూడదు. పైన పట్టిన బూడిదరంగు నాచును గోకితే దానితోపాటు మెత్తబడిన రాతిపొర కూడా లేచి వస్తుంది. దిబ్బ మీదికి ఎక్కవద్దు, రాయికి ఆనుకోవద్దు, అది లోపల ఎంత వదులుగా ఉందో పైకి తెలియదు.

మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. గుడిమల్లం శివలింగాన్ని చూసినవారికి చెల్బా రాళ్లను చూడగానే చేతులు జోడించబుద్ధి పుట్టడం సహజం. నమస్కారం మనసులోనే పెట్టుకోండి. కుంకుమ పెట్టడం, నాణెం ఉంచడం, కొబ్బరికాయ కొట్టడం వంటివి ఆ రాళ్లను చూసుకునే పెద్దలకు తమ పూర్వికుల చోటును ఎవరో ఆక్రమించినట్టే అనిపిస్తాయి. ఇది శివలింగమే, మనవాళ్లే ఇక్కడికి వచ్చారు అని గైడుతో వాదించడమూ తగదు. అలాగని ఆ ఆకారాన్ని చూసి పకపక నవ్వుతూ సెల్ఫీలు దిగడం అంతకన్నా అమర్యాద. పెద్దాయన పక్కన ఉంటే ముందు ఆయన్ని పలకరించి, కూర్చోమంటే కూర్చుని, ఆయన లేచి చూపించిన వరుసలోనే చూడండి. కెమెరా తీసే ముందు అడగండి. పవిత్ర వనం వైపు దారి ఉంటే పిలిస్తేనే వెళ్లాలి. రుసుము రసీదు తీసుకుని కట్టాక, చూపించినవారికి విడిగా కొంత ఇవ్వడం ఆనవాయితీ. ఎంత ఇవ్వాలో గైడును ముందే అడిగి ఉంచుకోండి. వెంటపడే పిల్లలకు డబ్బు, పెన్నులు పంచవద్దు, తరువాత వచ్చేవారిని వాళ్లు వదలరు. పాత చెక్కుడు ముక్క అని ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. పురావస్తువులను దేశం దాటించడం అక్కడ నేరం.

తోటలు, కాఫీ, భోజనం

రాళ్ల దగ్గరకు నడిచే దారి అంతా తోటే కనుక దాన్ని చూడకుండా నడవడం దండగ. పైన ఎత్తయిన పాత చెట్లు, వాటి కింద ఎన్‌సెట్, దాని కింద కాఫీ, అంచెలంచెలుగా ఉంటాయి. ఎన్‌సెట్‌ను దూరం నుంచి చూస్తే కొల్లిపర, దుగ్గిరాల వైపు అరటితోటలోకి వచ్చామా అనిపిస్తుంది. గెల మాత్రం తినడానికి పనికిరాదు. కాండం మొదలును, దుంపను గీకి, ఆ గుజ్జును గోతిలో పాతి పులియబెట్టి రొట్టెగా కాలుస్తారు. గెడియోలకు ముఖ్యమైన తిండి అదే. ఇంత నిటారు కొండవాలు మీద ఇన్ని వందల ఏళ్లుగా మట్టి కొట్టుకుపోకుండా నిలిచిందంటే ఈ మూడంచెల వేళ్ల అల్లికే కారణం. అరకులో సిల్వర్ ఓక్ నీడన మిరియపు తీగలతో కలిసి పెరిగే కాఫీని చూసినవారు ఆ తేడాను వెంటనే పట్టుకుంటారు: అక్కడ నీడ కాఫీ కోసం వేసినది, ఇక్కడ ఇంటి తిండి పంట కిందికి కాఫీ వచ్చి చేరింది.

కోతల కాలంలో రైతులు పండ్లను బుట్టల్లో, సంచుల్లో గింజలు కడిగే కేంద్రాలకు మోసుకొస్తారు. అక్కడ తోలు తీసి, తొట్లలో పులియబెట్టి, కడిగి, ఎత్తయిన వలల బల్లల మీద ఆరబెడతారు. కొంత సరుకును పండుగానే ఎండబెడతారు. చూడాలంటే ముందు మేనేజరును అడగండి. అత్తరు, దోమల మందు రాసుకున్న చేతులతో గింజలను ముట్టవద్దు, కాఫీకి ఆ వాసన పట్టేస్తుంది.

ఎవరి ఇంట్లోనైనా కాఫీకి పిలిస్తే గంటన్నర చేతిలో ఉంటేనే ఒప్పుకోండి. పచ్చి గింజలను మీ ముందే పెనం మీద వేయించి, పొగను మీ వైపు విసిరి, దంచి, మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. మూడు విడతలు ఉంటాయి: అబోల్, తోనా, బెరెకా. మొదటిదానితో లేచి వెళ్లడం మర్యాద కాదు. పాలు ఉండవు; పాలు లేనిదే కాఫీ దిగనివారికి పట్టణాల్లో దొరికే మకియాటో ఉంది.

భోజనానికి టెఫ్ అనే చిరుధాన్యపు పిండి పులియబెట్టి పోసిన ఇంజెరా అనే అట్టు, దాని మీద కూరలు. ఎర్ర మిరపపొడి మసాలా బెర్బెరె గుంటూరువారిని నిరాశపరచదు. హోటల్లో “త్సోమ్” అని అడిగితే ఉపవాస భోజనం తెస్తారు. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. కొందరు ఉపవాసంలో చేపను తింటారు కనుక చేప కూడా వద్దని చెప్పండి. ఉపవాసం కాని రోజుల్లో శనగపిండి కూర షిరోలో కూడా మసాలా వెన్న వేయవచ్చు. నెయ్యి తినేవారికి అది ఇబ్బంది కాదు, అసలు పాల పదార్థాలే ముట్టనివారు అడిగి తెలుసుకోవాలి. గెడియో పల్లెల్లో ప్రొటెస్టెంట్లు ఎక్కువ, వారు ఈ ఉపవాసాలు పాటించరు. కాబట్టి రాళ్ల దగ్గరకు వెళ్లే రోజు డిల్లా నుంచే భోజనం కట్టించుకోండి. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి తీసుకెళ్లినా ఇంజెరాతో బాగానే కలుస్తాయి.

కాఫీ తెచ్చుకోవాలంటే యిర్గాచెఫేలోనో అడిస్‌లోనో వేయించి మూసిన పొట్లాలే కొని బిల్లు ఉంచుకోండి. పచ్చి గింజలు మన దేశపు మొక్కల క్వారంటైన్ నిబంధనల కిందికి వస్తాయి, అనుమతి లేకుండా తెస్తే కస్టమ్స్‌లో ఆపేస్తారు. పసుపు జ్వరం ధ్రువపత్రాన్ని పెట్టెలో కాకుండా పాస్‌పోర్టుతోపాటు చేతి సంచిలో పెట్టుకోండి. దిగగానే ఇమిగ్రేషన్‌కు ముందే ఆరోగ్య శాఖవారి బల్ల దగ్గర అడుగుతారు.